రెజ్యూమెలో తరగతి గది కనబడాలి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: టీచరు ఉద్యోగానికి దరఖాస్తు

జూన్ 12న బడులు తెరుస్తారు. ప్రైవేటు పాఠశాలలు తమ ఖాళీలను మార్చి నుంచి మే లోపు నింపుకుంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి మాకు వచ్చిన ఉత్తరాలు చాలావరకు రెజ్యూమె గురించే. ముందుగా ఒక మాట. ప్రభుత్వ టీచర్లను నియమించే డీఎస్సీకి రెజ్యూమె అక్కర్లేదు. 16,347 పోస్టులతో 2025లో వచ్చిన మెగా డీఎస్సీ చూడండి: ఆన్‌లైన్ దరఖాస్తు, కంప్యూటర్ పరీక్ష, టీచరు అర్హత పరీక్ష అయిన టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ. ఇంటర్వ్యూ లేదు. రెజ్యూమెతో పని పడేది ప్రైవేటు బడుల్లో, కాంట్రాక్టు పోస్టుల్లో. ఈ జవాబులు వాటికి సంబంధించినవి.

ప్రశ్న: ఎం.పి.సి.తో బి.ఎస్సీ. చేశాను. ఈ ఏడాదే బి.ఎడ్. పూర్తయింది. అనుభవం లేదు. నెట్ సెంటర్‌లో రెజ్యూమె చేయిస్తే పేరు, చదువు, హాబీలు తప్ప అందులో ఏమీ కనబడలేదు. పేజీ ఎలా నింపాలి?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: అనుభవం లేదని మీరే తేల్చేసుకున్నారు. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ల కోర్సు. అందులో మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు, మొత్తం 20 వారాలు బడికి సంబంధించిన పనే. అన్నాళ్లు పిల్లల మధ్య ఉండి వచ్చి, రెజ్యూమెలో ‘ఇంటర్న్‌షిప్ పూర్తిచేశాను’ అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు.

ఆ కాగితం చదివే హెచ్.ఎం. ఏం వెతుకుతారో ఆలోచించండి. ఆయన ముందు టైంటేబుల్ ఉంటుంది. అందులో కొన్ని గళ్లు ఖాళీ: 6, 7, 8 తరగతుల లెక్కలు, 9వ తరగతి భౌతికశాస్త్రం. ఆ గళ్లలో ఈ మనిషి పేరు రాయవచ్చా లేదా అన్నదే ఆయన మొదటి ప్రశ్న. అందుకే పేరు, ఫోను, మెయిల్, ఊరు రాసిన వెంటనే ఒక వరుసలో ఇలా రాయండి: ‘గణితం, భౌతికశాస్త్రం, 6 నుంచి 10 తరగతులు, ఇంగ్లిష్ మీడియం’. నెట్ సెంటర్‌వాళ్లు అందరికీ ఒకే రకంగా పెట్టే ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ పేరాను తీసేయండి. ‘సవాళ్లతో కూడిన వాతావరణంలో పనిచేయాలని’ అన్న వాక్యం బ్యాంకు ఉద్యోగానికీ అదే, బడికీ అదే. చదివేవారికి దాంతో ఏ పనీ జరగదు.

తర్వాత అర్హతలు. డిగ్రీలో చదివిన మూడు సబ్జెక్టుల పేర్లు, బి.ఎడ్.లో తీసుకున్న రెండు మెథడాలజీలు (ఏ సబ్జెక్టుల బోధన పద్ధతి నేర్చుకున్నారో అవి), టెట్ పేపరు, మార్కులు. మెథడాలజీ రాయడం చాలామంది మరిచిపోతారు. డిగ్రీ సబ్జెక్టుకూ మెథడాలజీకీ పొంతన ఉందా లేదా చూడాల్సినవారికి అది కనబడకపోతే మీ కాగితం పక్కకు పోతుంది. పదో తరగతి, ఇంటర్ వివరాలు చివర ఒక్కో వరుసలో చాలు.

ఇక ఇంటర్న్‌షిప్. సాధారణంగా రాసేది ఇలా ఉంటుంది: ‘7వ తరగతికి గణితం బోధించి విద్యార్థుల్లో ఆసక్తి పెంచాను.’ ఇందులో చూడటానికి ఏమీ లేదు. మీ లెసన్ ప్లాన్ రికార్డు తెరిచి ఒక పాఠం ఎంచుకోండి. ఎంతమంది పిల్లలు, ఎక్కడ తప్పు చేశారు, మీరేం చేశారు, ఫలితం ఎలా తెలిసింది అన్నవి వరుసగా రాయండి. ఒక నమూనా:

‘7వ తరగతి, 34 మంది, ఇంగ్లిష్ మీడియం. భిన్నాల కూడికలో లవానికి లవం, హారానికి హారం కలిపేస్తున్నవారు 19 మంది. సమాన పొడవున్న కాగితపు పట్టీలు మడతపెట్టించి సమాన భిన్నాలు చూపాను. నాలుగు పీరియడ్ల సాధన తర్వాత స్లిప్ టెస్టులో అదే తప్పు చేసినవారు 6 మంది.’

సగానికి మూడో వంతు కలిపి అయిదింట రెండు అని రాసే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఉంటాడు. అంటే సగానికి ఇంకొంత చేర్చితే సగం కన్నా తక్కువ వచ్చింది. లెక్కలు చెప్పిన ఏ హెచ్.ఎం.కైనా ఈ తప్పు బాగా తెలుసు. ఆ వరుస దగ్గర ఆయన కళ్లు ఆగుతాయి. ఇంటర్వ్యూలో ‘పట్టీలతో ఎలా చూపారు?’ అని అడుగుతారు. కొన్ని బడుల్లో అదే పాఠం డెమోగా చెప్పమంటారు. కాబట్టి అంకెలు మీ రికార్డులోవే వేయండి. లెక్క రాసిపెట్టుకోకపోతే అంకెలు లేకుండా, చేసిన పని మాత్రం రాయండి. చేయని పాఠం రాస్తే డెమోలో పదో నిమిషానికి తెలిసిపోతుంది.

ఇలాంటివి రెండు చాలు, సబ్జెక్టుకు ఒకటి. మొత్తం ఎ4 ఒక్క పేజీ దాటకూడదు. అక్షరం 11 పాయింట్లు, నాలుగు పక్కలా అంగుళం ఖాళీ. వాట్సాప్‌లో పంపమంటే పీడీఎఫ్‌ను డాక్యుమెంట్‌గా పంపండి. కాగితాన్ని ఫొటో తీసి పంపితే అక్షరాలు మసకబారి ప్రింటు సరిగా రాదు. ఫైలుకు ‘రెజ్యూమె ఫైనల్ 2’ అని ఉంచేయకుండా మీ పేరు, సబ్జెక్టు పెట్టండి. అవతల అలాంటి ‘ఫైనల్’లు చాలా వచ్చి ఉంటాయి.

ప్రశ్న: మాది రాజాం. సర్టిఫికెట్లలో శ్రీకాకుళం జిల్లా అని ఉంది. రెజ్యూమెలో ఏ జిల్లా రాయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. చిరునామాలో ఇప్పటి జిల్లా రాయండి. పాత సర్టిఫికెట్ల మీద ఉన్నది అలాగే ఉంటుంది, దిద్దించాల్సిన పని లేదు. నిర్ణీత దరఖాస్తు ఫారంలో ‘చదువుకున్న జిల్లా’ అని విడిగా అడిగితే మాత్రం స్టడీ సర్టిఫికెట్‌లో ఉన్నదే రాయండి.

ప్రశ్న: డి.ఎడ్. చేసి మూడేళ్లు ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెప్పాను. పెళ్లయ్యాక ఎనిమిదేళ్లుగా ఉద్యోగం లేదు, ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతున్నాను. ఆ ఖాళీ కనబడకుండా రాసే మార్గం ఉందా?
– ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: అమ్మా, దాచకండి. సంవత్సరాలు వేయకుండా వదిలేసినా, డి.ఎడ్. ఏడాది చూసి ఎవరైనా లెక్క కట్టేస్తారు. అప్పుడు ఖాళీ కన్నా దాచడమే పెద్ద ప్రశ్న అవుతుంది. ‘ఈ ఎనిమిదేళ్లు కుటుంబ బాధ్యతలు, ఇంటి వద్ద ట్యూషన్’ అని సంవత్సరాలతో సహా ఒకే వరుసలో రాసి ముందుకు వెళ్లండి.

ట్యూషన్‌ను మాత్రం చిన్నచూపు చూడవద్దు. మీరు చిన్న పిల్లలకు చెబుతున్నారు కదా. ఎంతమంది, ఏ తరగతులు, రోజుకు ఎంతసేపు, ఏం నేర్పారు అన్నవి రాయండి. ఉదాహరణకు ‘1 నుంచి 3 తరగతుల పిల్లలు 9 మంది. గుణింతాలు వచ్చి ఒత్తుల దగ్గర ఆగిపోయినవారికి రోజూ 20 నిమిషాల విడి సాధన. రెండంకెల తీసివేతలో అరువు తెచ్చుకోవడం పుల్లల కట్టలతో’ అని రాస్తే, చిన్న తరగతులు తెలిసిన మనిషి అని చదివినవారికి వెంటనే అర్థమవుతుంది. పదుల కట్ట విప్పి పది పుల్లలు చేయడం చూపించకుండా అరువు నేర్పితే పిల్లలు పై అంకె చిన్నదైతే కింది అంకెలోంచి దాన్ని తీసేస్తారు. ఈ సంగతి తెలిసినవారు రెజ్యూమెలో చెప్పుకోవాలి.

మీరు ఉద్యోగంలో లేని ఈ కాలంలో బడుల్లో మాట కొంత మారింది. 2020లో కొత్త జాతీయ విద్యావిధానం వచ్చింది. 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, మౌలిక లెక్కలు రావాలన్న లక్ష్యం పెట్టింది. అంటే మీరు చెప్పిన రెండో తరగతి ఇప్పుడు అందరి కళ్లూ ఉన్న తరగతి. దీక్షా ఆన్‌లైన్ వేదికలో దీనిపై టీచర్లకు ఉచిత కోర్సులు ఉన్నాయి. ఒకటో రెండో పూర్తిచేసి ఆ సర్టిఫికెట్ల పేర్లు, నెల, సంవత్సరం రాయండి. పది కోర్సులు చేసి పదీ రాస్తే ఏదీ నిలబడదు.

ప్రశ్న: బి.ఎడ్. ఉంది, 2018లో టెట్ పాసయ్యాను. ఇక్కడ ఒక బడిలో 1 నుంచి 5 తరగతులకు టీచరు కావాలన్నారు. పంపవచ్చా? నా టెట్ ఇంకా చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: టెట్ చెల్లుతుంది. మొదట్లో ఏడేళ్ల గడువు ఉండేది. 2021లో దాన్ని జీవితకాలానికి మార్చారు. అంతకుముందు పాసైనవారికీ అది వర్తిస్తుంది. రెజ్యూమెలో ‘టెట్ క్వాలిఫైడ్’ అని ఊరుకోవద్దు. పేపరు, నెల, సంవత్సరం, 150కి ఎన్ని వచ్చాయో రాయండి. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 అర్హత మార్కులు కాబట్టి, మార్కు లేకుండా ‘పాస్’ అంటే చదివేవారికి ఏదీ తెలియదు.

ఒకటి నుంచి అయిదు తరగతుల సంగతి వేరు. ఆ తరగతులకు బి.ఎడ్. అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు ఇచ్చింది. డి.ఎల్.ఎడ్., అంటే మన వాడుకలో డి.ఎడ్. ఉండాలి. ఫరవాలేదు రమ్మని బడివాళ్లే అన్నా, రేపు గుర్తింపు తనిఖీలో ఇబ్బంది మీకూ వారికీ వస్తుంది. అదే బడికి 6 నుంచి 8 తరగతుల సబ్జెక్టు టీచరుగా పంపండి, పై వరుసలో ఆ తరగతులే రాయండి. ‘ఏ తరగతి అయినా చెప్పగలను’ అని రాసినవారిని ఏ గడిలో పెట్టాలో ఎవరికీ తోచదు.

ప్రశ్న: మా ఇంట్లో మాట్లాడేది ఒడియా. నా చదువంతా తెలుగు మీడియం. ఒడియా వచ్చని రాస్తే తెలుగు సరిగా రాదనుకుంటారేమోనని భయం.
– ఒక పాఠకురాలు, ఇచ్ఛాపురం

జవాబు: తప్పకుండా రాయండి. మీ వైపు బడుల్లో ఇంటి నుంచి ఒడియాతో వచ్చే పిల్లలు ఉంటారు. మొదటి రోజున వాళ్ల మాట అర్థమయ్యే టీచరు దొరకడం ఆ బడికి అదృష్టం. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం వాచకాలు తయారుచేసింది ఈ ప్రాంతంలోనే. పిల్లల భాష తెలియడం మన దగ్గర ఎప్పుడూ టీచరు అర్హతే.

భాషల వరుసలో ఒక్కోదానికీ మాట్లాడటం, చదవడం, రాయడం విడివిడిగా చెప్పండి: ‘ఒడియా: మాట్లాడగలను, చదవగలను’, ‘తెలుగు: మూడూ’. ఇంగ్లిష్ దగ్గర ‘ఫ్లూయెంట్’ అని పెట్టేముందు ఆలోచించండి. ఇంటర్వ్యూ మొదటి ప్రశ్న ఇంగ్లిష్‌లోనే రావచ్చు. ‘పాఠం ఇంగ్లిష్‌లో చెప్పగలను’ అని రాయడం నిజమైతే అదే చాలు, అదే వాళ్లకు కావాల్సింది కూడా.

ప్రశ్న: తెలుగు పండిట్ పోస్టుకు తెలుగులోనే రెజ్యూమె టైపు చేయించి పంపాను. అవతల తెరిస్తే అంతా పిచ్చి గుర్తులు వచ్చాయట. ఎందుకలా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: డీటీపీ సెంటర్‌లో అను ఫాంటుతో చేసి వర్డ్ ఫైలు ఇచ్చి ఉంటారు. ఆ ఫాంట్లలో లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడ్, పైన కనబడేది తెలుగు రూపం. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే లోపలి గుర్తులు బయటపడతాయి. యూనికోడ్‌లో టైపు చేయించండి. గౌతమి, మండలి లాంటి ఫాంట్లు యూనికోడ్‌వే. ఆపైన పీడీఎఫ్ చేయించి ముందు మీ ఫోనుకే పంపుకుని తెరవండి. ఒత్తులు విడిపోయి పక్కకు జరిగాయేమో ‘సంస్కృతి’, ‘రాష్ట్రం’ లాంటి మాటల దగ్గర చూడండి. చెడేది ఎక్కువగా అక్కడే.

భాషా టీచరు కాగితంలో అక్షరదోషం ఉంటే ఇంక మిగతాది చదవరు. ఎక్కువగా దొర్లేది థకారం, ధకారం తేడా. అర్థం అంటే మీనింగు, అర్ధం అంటే సగం. ‘విద్యార్ధి’, ‘ప్రతిపదార్ధం’ అని టైపు చేసేవారు చాలామంది. మీరు ప్రూఫు దిద్దకుండా ప్రింటు తీయనివ్వకండి. పెన్సిల్ పట్టుకుని ఒకసారి కింది నుంచి పైకి, వరుస వెంట వరుస చదవండి. పై నుంచి చదివితే అర్థం లాక్కుపోయి తప్పు కనబడదు.

విషయం దగ్గర ‘పద్యం, గద్యం, వ్యాకరణం బోధించగలను’ అన్నది అందరూ రాసేదే. ‘పదో తరగతికి ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం: గురులఘువులు చప్పట్లతో, గణవిభజన పిల్లలే బోర్డు మీద’ అని ఒక వరుస రాయండి. పద్యం రాగంతో చదవగలిగితే అది చెప్పండి, డెమోలో అడిగితే వినిపించండి. బి.ఓ.ఎల్., పండిట్ ట్రైనింగ్ లేదా తెలుగు మెథడాలజీతో బి.ఎడ్., వీటిలో మీకున్నది ఏదో పూర్తి పేరుతో రాయండి. ఇంగ్లిష్ మీడియం బడి అయితే రెజ్యూమె ఇంగ్లిష్‌లో పంపి, దాని మీద తెలుగులో ఒక పేజీ లేఖ మీ చేతిరాతతో పెట్టండి. బోర్డు మీద మీ రాత ఎలా ఉంటుందో వాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్న: పదిహేనేళ్లుగా పదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. ప్రతి ఏడాదీ నూరు శాతం ఫలితాలు. ఆ మాట పెద్ద అక్షరాలతో పైన పెట్టవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం

జవాబు: నూరు శాతం అన్న మాట ఇప్పుడు ప్రతి కరపత్రంలోనూ ఉంది. పన్నెండు మందిలో పన్నెండు మందీ పాసైతే అదీ నూరు శాతమే. పరీక్ష రాసిన పిల్లల సంఖ్య పక్కన లేకపోతే ఆ అంకెకు విలువ రాదు. చివరి మూడేళ్లకు మూడు వరుసలు చేయండి: ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు, మీ సబ్జెక్టులో ఎక్కువ మార్కులు ఎంతమందికి వచ్చాయి. ఆ తర్వాత అసలు బలం చూపే ఒక వాక్యం రాయండి. అర్ధ సంవత్సర పరీక్షల్లో పాసు మార్కు దాటని పిల్లలు ఎంతమంది, వారిని మార్చికల్లా ఎలా గట్టెక్కించారు: రోజూ ఒక పటం గీయించి భాగాలు గుర్తింపజేశారా, చిన్న ప్రశ్నలు జట్లుగా చెప్పుకోమన్నారా. బాగా చదివే పిల్లల మార్కుల్లో ఇంట్లోవాళ్ల శ్రమ కూడా ఉంటుంది. వెనకబడ్డ బిడ్డ దాటిన గట్టు టీచరుది.

మీ అనుభవానికి రెండు పేజీలు తగును. పదిహేనేళ్లకూ సమాన చోటు ఇవ్వకండి. ఇప్పటి బడికి సగం పేజీ, పాతవాటికి రెండేసి వరుసలు.

ప్రశ్న: ఇంతకుముందు పనిచేసిన బడి సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తిప్పి ఇవ్వడం లేదు. ఆ అనుభవం రాయవచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: రాయండి, చేసిన పని మీది. రుజువుగా నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, గుర్తింపు కార్డు పనికొస్తాయి. పీఎఫ్ కోసి ఉంటే ఆ పాస్‌బుక్‌లో సంస్థ పేరు, నెలలు ఉంటాయి. చేరిన నెల, మానిన నెల సరిగ్గా వేయండి. ‘2021–23’ అని వదిలేస్తే రెండేళ్లో, పద్నాలుగు నెలలో తెలియదు.

ఒరిజినల్స్ కోసం నోటితో తిరగడం మాని, ఏయే సర్టిఫికెట్లు ఇచ్చారో జాబితాతో ఉత్తరం రాసి, అందినట్టు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. కదలిక లేకపోతే ఆ ఉత్తరం నకలు, రసీదు జతచేసి జిల్లా విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టండి. ఇకముందు ఎక్కడ చేరినా ఒరిజినల్స్ చూపించి చేత్తో పట్టుకుని వచ్చేయండి. మీ సంతకంతో ధ్రువీకరించిన జిరాక్సులు మాత్రమే ఇవ్వండి. ఈ గొడవ రెజ్యూమెలో ఎక్కడా రాయవద్దు. అడిగితే ఒక్క వాక్యంలో చెప్పండి.

ప్రశ్న: కోరుకొండ సైనిక్ స్కూలుకు, కేంద్రీయ విద్యాలయానికి ఒకే రెజ్యూమె పంపితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: ఇలాంటి చోట్ల ప్రకటనతోపాటు దరఖాస్తు నమూనా ఇస్తే ఆ ఫారమే ముఖ్యం. అందులోని ప్రతి గడీ నింపాలి. వర్తించని చోట ‘వర్తించదు’ అని రాయాలి. ‘రెజ్యూమె చూడండి’ అని రాస్తే పక్కన పెట్టేస్తారు. వయసు ఏ తేదీ నాటికి అడిగారో చూసి ఆ తేదీకే లెక్కకట్టండి. మీ రెజ్యూమెను ఫారం వెనక జతచేయండి.

కేంద్రీయ విద్యాలయాల్లో కాంట్రాక్టు పోస్టులకు ఎక్కువగా వాక్-ఇన్ ఇంటర్వ్యూలే. ఫారంలో రాసిన వరుసలోనే ఒరిజినల్స్, జిరాక్సులు ఫైలులో పేర్చుకోండి. 1962లో మొదలైన కోరుకొండ సైనిక్ స్కూలు రెసిడెన్షియల్. నవోదయలూ అంతే. అక్కడ టీచరు పని బెల్లుతో అయిపోదు. ఆటలు, సాయంత్రం చదువు, హాస్టల్ బాధ్యత ఉంటాయి. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్, ఏ స్థాయిలో ఏ ఆట ఆడారు, క్యాంపస్‌లో ఉండటానికి సిద్ధమా అన్నవి అక్కడికి పంపే కాగితంలో పైకి రావాలి. పట్టణంలోని డే స్కూలుకు పంపేటప్పుడు అవే చివరి వరుసకు పోతాయి.

ప్రశ్న: ఫొటో, కులం, ఆధార్ నంబరు, ఆశించే జీతం: వీటిలో ఏవి రాయాలి? పదో తరగతి జీపీఏని శాతంలోకి మార్చాలా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: ఫొటో అడిగితేనే, పాస్‌పోర్టు సైజులో పెట్టండి. కులం, మతం, ఆధార్, పాన్ అక్కర్లేదు. రిజర్వేషన్ ఉన్న పోస్టు అయితే కులం వివరం ఫారంలోనే అడుగుతారు. ఆధార్ నంబరున్న కాగితం వాట్సాప్‌లో ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. జీతం మాట ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడుకోవాలి. జీపీఏ మెమోలో ఉన్నట్టే ‘10కి 9.2’ అని రాయండి. 9.5తో గుణించే పద్ధతి సీబీఎస్ఈ తన విద్యార్థుల కోసం చెప్పింది. మన రాష్ట్ర బోర్డు మెమోకు దాన్ని తగిలిస్తే, మెమోలో లేని శాతం ఎక్కడిదని తనిఖీలో అడుగుతారు. చివరగా ఫోను నంబరులో పది అంకెలూ ఉన్నాయో లేదో, ఆ నంబరుకు మీరే ఒకసారి ఫోను చేసి చూసుకోండి.